పోరంబోకు, పబ్లిక్, సెమీ పబ్లిక్

పనీపాటా లేకుండా ఊరంతా తిరిగే కుర్రాణ్ణి ఇంట్లో పెద్దవాళ్ళు తిట్టే తిట్లలో 'పోరంబోకు' ఒకటి. తాసిల్దారు ఆఫీసులో మాత్రం ఈ మాటకి తిట్టు వాసన ఉండదు. అక్కడ అది రిజిస్టరులో ఒక గడిలో రాసే మాట. పట్టా లేనిది, శిస్తు కట్టనిది, సాగుకి లెక్కగట్టనిది అయిన నేల పోరంబోకు. తమిళంలో 'పుఱం' అంటే బయట. లెక్కకి బయట పడ్డ నేల పుఱంపోక్కు. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ కచేరీల దారిన అది తెలుగు జిల్లాలకి వచ్చి పోరంబోకు అయింది.

నేలకి పెట్టిన పేరు మనిషికి తిట్టుగా ఎలా మారిందో ఊహించడం కష్టమేమీ కాదు. ఖజానాకి రూపాయి తేని నేల, ఇంటికి రూపాయి తేని కొడుకు, ఇద్దరూ ఒకే ఖాతాలో పడ్డారు. కానీ ఆ 'పనికిరాని' నేల జాబితా ఒకసారి చదవండి: చెరువు, కుంట, వాగు, డొంక, బాట, పశువులు మేసే బీడు, ధాన్యం నూర్చుకునే కళ్ళం, శ్మశానం. ఊళ్ళో ఇవి లేకుండా ఒక్కరోజు గడవదు. గడిచినా, చివరి రోజు గడవదు. నిజాం రాజ్యం వైపు ఇవే పనులకి వేరే పేర్లు ఉండేవి. చెరువు కడుపులో నేల శిఖం, మేత భూమి బంచరాయి, గైరాన్. పేర్లు వేరైనా ఊరి అవసరాలు ఒకటే.

ఈ భూములకే ఇప్పుడు నగరాల్లో ఇంకో పేరు వచ్చింది: పబ్లిక్ అండ్ సెమీ పబ్లిక్. మాస్టర్ ప్లాన్‌లో అదొక జోన్, దానికొక రంగు. పోరంబోకు నుంచి సెమీ పబ్లిక్ దాకా వచ్చిన ప్రయాణంలో కొన్ని ప్రశ్నలు రాలిపోయాయి. అవి ఎక్కడెక్కడ రాలిపోయాయో, ఎవరు మళ్ళీ ఏరి తెచ్చారో చెప్పుకోవడమే ఈ వ్యాసం పని.

ఒక నేలని 'అందరిది' అన్నప్పుడు అడగాల్సినవి మూడు: ఎవరిది? దేనికి? ఎవరు రావచ్చు? ఈ మూడూ ఒకటే ప్రశ్నలాగా కనిపిస్తాయి. కావు.

1905 చట్టంలో ఒక చిన్న షరతు

మద్రాసు ప్రభుత్వం 1905లో భూఆక్రమణల చట్టం తెచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి అది అలాగే వారసత్వంగా వచ్చింది, చాలాకాలం అమల్లో ఉంది. దాని రెండో సెక్షన్ ఒకే ఊపిరిలో రాసినట్టుంటుంది. రోడ్లు, వీధులు, సందులు, బాటలు, వాటి పక్క గుంటలు, కంచెలు, సముద్రగర్భం, నదులు, వాగులు, చెరువులు, కాలవలు, నిలిచిన నీరు, పారే నీరు, ఇవి కాక ఎక్కడున్నా సరే మిగతా భూమి అంతా ప్రభుత్వానిదే అని ప్రకటిస్తుంది. జమీందారుది, ఇనాందారుది, పట్టాదారుది, గుడి స్థలం, ఇంటి స్థలం, పెరడు, వీటికి మాత్రం మినహాయింపు.

ఇంతవరకు చూస్తే ఊరి ఉమ్మడి నేలని సర్కారు మింగేసినట్టే. కానీ అదే వాక్యం చివర ఒక షరతు ఉంది. ఈ హక్కు ఎప్పుడూ జనం దారి హక్కులకి, ఇతర ప్రజా హక్కులకి, చట్టబద్ధంగా కొనసాగుతున్న ఆచార హక్కులకి లోబడే ఉంటుంది అని. అంటే యాజమాన్యం సర్కారుది, వాడుక మాత్రం ఊరిది. 'ఎవరిది' అన్నదానికీ 'ఎవరు రావచ్చు' అన్నదానికీ రెండు వేర్వేరు జవాబులు ఉండొచ్చని ఆ చట్టం రాసినవాళ్ళు ఒప్పుకున్నారు. సామ్రాజ్యం తన పన్నుల కోసం రాసుకున్న చట్టమే అయినా, ఈ ఒక్క విషయంలో దాని చూపు తర్వాతి మాస్టర్ ప్లాన్ల కన్నా స్పష్టంగా ఉంది.

అలాగని పాత ఊరిని తలచుకుని నిట్టూర్చాల్సిన పని లేదు. 'ఆచార హక్కులు' అన్న మాటలో ఆచారం ఎవరిదో చట్టం చెప్పలేదు. ఊరి చెరువు ఊరందరిదీ కాదు. ఊరి బావి దగ్గరికి వాడవాళ్ళు రాకూడదు. శ్మశానంలో కూడా కులానికో మూల. పోరంబోకు అన్నమాట నేలని ఊరి ఖాతాలో వేసింది. ఊరంటే ఎవరన్నది ఊరి పెద్దలకే వదిలేసింది.

మహద్: చెరువు ఎవరిదని కోర్టు అడిగింది

ఆ ప్రశ్న కోర్టుకెక్కిన కథ మహద్‌ది. కొంకణ్ ప్రాంతంలో చిన్న పట్టణం అది. బొంబాయి శాసనమండలి 1923లో ఒక తీర్మానం చేసింది. ప్రజా ధనంతో కట్టిన, నడుస్తున్న బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు అంటరాని కులాల వాళ్ళకి కూడా తెరవాలి అని. తీర్మానం పెట్టినాయన ఎస్.కె. బోలే. మరుసటి ఏడు మహద్ పురపాలక సంఘం కూడా తన చవదార్ చెరువుని అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. గట్టు మీద మాత్రం తెరుచుకోలేదు.

1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నారు. ఆ తర్వాత దాడులు, ఆవు పేడా పంచితంతో చెరువుకి 'శుద్ధి', ఇవన్నీ మనకి తెలిసినవే. తక్కువ మందికి తెలిసింది ఆ తర్వాతి కథ. అదే ఏడాది డిసెంబరులో, రెండో సత్యాగ్రహానికి ముందు, కొందరు అగ్రవర్ణ హిందువులు సివిల్ కోర్టుకి వెళ్ళారు. వాళ్ళ వాదన ఏమిటంటే, ఇది ప్రజల చెరువు కాదు, చుట్టూ ఉన్న ఇళ్ళవాళ్ళ సొంత చెరువు లాంటిది, సవర్ణులు మాత్రమే వాడుకోవడం అనాదిగా వస్తున్న ఆచారం అని.

మొత్తం గొడవ ఒక నిర్వచనం దగ్గరికొచ్చి ఆగింది. చెరువు 'పబ్లిక్' అవునా కాదా? పబ్లిక్ అయితే, ఆ పబ్లిక్‌లో ఎవరున్నారు? దావా పదేళ్ళు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు చెప్పింది. చెరువు పురపాలక సంఘానిది, అనాది ఆచారం అన్నది రుజువు కాలేదు అని. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. మనుషులందరూ సమానం కాబట్టి నీళ్ళు అందరివీ అని కోర్టు అనలేదు. ఆచారం సరిపడా పాతది కాదు అంది. పబ్లిక్ అన్న మాట గెలిచింది గానీ, అతి ఇరుకు గుమ్మంలోంచి బయటపడింది.

యూక్లిడ్: ఆరు జోన్ల జాబితా

మహద్ దావాకి ఏడాది ముందే అమెరికాలో ఒక తీర్పు వచ్చింది. ఇవాళ మన మాస్టర్ ప్లాన్లలో కనిపించే జోనింగ్ భాషకి మూలం చాలావరకు అక్కడే ఉంది.

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ శివారున యూక్లిడ్ అనే గ్రామం. గ్రామం అంటే మన లెక్కలో చిన్న మున్సిపాలిటీ. 1922 నవంబరులో అది ఒక జోనింగ్ ఆర్డినెన్సు చేసింది. ఊరంతటినీ వాడుక ప్రకారం ఆరు జోన్లుగా విడగొట్టింది. యాంబ్లర్ రియాల్టీ అనే కంపెనీకి అక్కడ 68 ఎకరాలుంది. ఫ్యాక్టరీలకి అమ్ముకుందామనుకున్న నేలలో కొంత ఇళ్ళ జోన్‌లోకి పోయింది. కంపెనీ కోర్టుకి వెళ్ళింది. 1926 నవంబరు 22న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఊరి పక్షాన తీర్పు చెప్పింది. జోనింగ్ రాజ్యాంగబద్ధమే అంది.

ఈ కేసు గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ఆస్తి హక్కు గురించి రాస్తారు. నాకు ఆసక్తి ఆ ఆరు జోన్లలో ఏమేం రాశారన్నది. మొదటి జోన్‌లో ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు. వాటి పక్కన ఉండదగ్గవి పబ్లిక్ పార్కులు, నీళ్ళ ట్యాంకులు, రైలు స్టేషన్లు, పొలాలు వగైరా. రెండో జోన్‌లో రెండు కుటుంబాల ఇళ్ళు. మూడో జోన్‌కి వచ్చేసరికి అపార్ట్‌మెంట్లు, హోటళ్ళు, వాటితో కలిపి చర్చిలు, బడులు, గ్రంథాలయాలు, మ్యూజియంలు, ప్రైవేటు క్లబ్బులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, సిటీ హాలు, కోర్టు. ఇక చిట్టచివరి ఆరో జోన్‌లో మురుగు శుద్ధి కేంద్రం, చెత్త కాల్చే చోటు, తుక్కు ఇనుము, విమానాల మైదానం, చమురు నిల్వలు, ఫ్యాక్టరీలు. వాటితోనే శ్మశానాలు, దహనవాటికలు, జైళ్ళు, మానసిక రోగుల ఆశ్రయాలు.

ఈ జాబితాలో పబ్లిక్ అనే జోన్ ఎక్కడా లేదు. పబ్లిక్ పనులు అన్ని మెట్ల మీదా చెదిరి ఉన్నాయి. ఏది ఏ మెట్టు మీద ఉందో చూస్తే ఆ సమాజం మనసు తెలుస్తుంది. పార్కు పక్కన ఉంటే మంచిదే. బడీ గ్రంథాలయం ఉండొచ్చు, కానీ విడి ఇళ్ళ వీధికి కాస్త ఎడంగా, అపార్ట్‌మెంట్ల వైపు. చనిపోయినవాళ్ళు, ఖైదీలు, మతి చెడిన వాళ్ళు చెత్త పక్కన. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ అపార్ట్‌మెంటుని విడి ఇళ్ళ వాతావరణం మీద పడి బతికే పరాన్నజీవితో పోల్చారు. అంటే భయం భవనం గురించి కాదు, దానిలోకి వచ్చే మనుషుల గురించి.

దీనికి ముందు కథ ఒకటుంది. 1917లో అదే సుప్రీంకోర్టు లూయివిల్ నగరం చేసిన ఒక చట్టాన్ని కొట్టేసింది. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న వీధిలో నల్లవాళ్ళు ఇల్లు తీసుకుని ఉండకూడదనేది ఆ చట్టం. 'ఎవరు' అని బాహాటంగా రాయడం ఇక కుదరదు. 'దేనికి' అని రాయడానికి మాత్రం అడ్డులేదు. అద్దెకుండేవాళ్ళని రావద్దనక్కర్లేదు, అపార్ట్‌మెంట్ కట్టకూడదంటే చాలు. వాడుకని నిర్వచించడం ద్వారా మనుషుల్ని విడదీయడం సాధ్యమేనని అమెరికా శివార్లు ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చూపించాయి. మహద్‌లో ఆచారం చేసిన పనిని అక్కడ నిర్వచనం చేసింది.

క్వాసీ పబ్లిక్ అన్న మాట పుట్టడానికి కావలసిన సరుకు కూడా ఆ మూడో జోన్‌లోనే కనిపిస్తుంది. గ్రంథాలయం ఊరిది. చర్చి సంఘానిది. క్లబ్బు సభ్యులది. ఆసుపత్రి ఎవరిదైనా కావచ్చు. యజమానులు వేరు, వచ్చే జనమూ వేరు. కానీ నలుగురూ చేరే చోట్లు కాబట్టి ఒకే వరసలో నిలబడ్డాయి. తర్వాతి కాలపు అమెరికన్ జోనింగ్ పుస్తకాలు ఈ వరసకి పేరు పెట్టాయి. క్వాసీ అంటే లాటిన్‌లో 'అన్నట్టుగా'. పబ్లిక్ అన్నట్టుగా ఉండేది. మన ప్లానర్లు దాన్ని సెమీ అన్నారు, సగం. ఏ సగమో చెప్పలేదు.

ఎర్ర రంగు వచ్చింది

మన దగ్గర పట్టణ ప్రణాళిక చట్టాలు కొత్తవేమీ కావు. బొంబాయి 1915లో, మద్రాసు 1920లో చేశాయి. మూసీ వరద తర్వాత హైదరాబాదులో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. కానీ అవి ఎక్కువగా ఈ వీధి వెడల్పు చేద్దాం, ఈ బస్తీ మార్చి ఇళ్ళు కడదాం అనే పథకాలు. నగరం మొత్తాన్ని రంగులుగా విడగొట్టే పటం మనకి బాగా అలవాటైంది 1962 ఢిల్లీ మాస్టర్ ప్లాన్ తర్వాత. ఫోర్డ్ ఫౌండేషన్ పంపిన నిపుణుల బృందం దాని తయారీలో సాయం చేసింది. ఆ నమూనా దేశమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వచ్చింది, దాని కింద హుడా ఏర్పడింది. 2008లో హుడా హెచ్ఎండీఏ అయింది.

మన పటాల మామూలు సంప్రదాయంలో ఇళ్ళు పసుపు, వ్యాపారం నీలం, పరిశ్రమ ఊదా, పార్కులు ఆకుపచ్చ. పబ్లిక్, సెమీ పబ్లిక్‌ది ఎరుపు. యూక్లిడ్‌లో చెల్లాచెదురుగా ఉన్నవి ఇక్కడ ఒక్క గొడుగు కిందికి వచ్చాయి. అక్కడ జోన్ అంటే పబ్లిక్ పనిని ఎంతవరకు రానివ్వచ్చో చెప్పేది. ఇక్కడ జోన్ అంటే ఆ పని కోసం నేలని పక్కన పెట్టేది. ఇది మంచి మార్పే. బడికి, ఆసుపత్రికి ముందే చోటు గుర్తుపెట్టడం బీద దేశానికి అవసరం.

కానీ నిర్వచనం ఎలా రాశారో చూడండి. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 1996లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పబ్లిక్, సెమీ పబ్లిక్ కింద ఇచ్చింది నిర్వచనం కాదు, పట్టీ. ప్రభుత్వ, అర్ధ ప్రభుత్వ కార్యాలయాలు. విద్య, పరిశోధన. వైద్యం, ఆరోగ్యం. సామాజిక, సాంస్కృతిక, మత సంస్థలు. నీరు, కరెంటు లాంటి సేవలు. దహన, ఖనన వాటికలు. ఈ వరసలో ఇంకొకటుంది: ప్రభుత్వ భూమి, ఉపయోగం ఇంకా నిర్ణయించలేదు. పోరంబోకు చావలేదన్నమాట. సూటు వేసుకుని తిరిగొచ్చింది. కాకపోతే పాత రిజిస్టరులో అది మేతకో కళ్ళానికో వాడుకలో ఉన్న నేల. కొత్త పట్టీలో దాని పని ఏమిటో పైవాళ్ళు చెప్పేదాకా అది ఖాళీ.

పట్టీతో నిర్వచించడంలో సుఖం ఉంది. గుమాస్తా తేలిగ్గా పోల్చుకుంటాడు. చిక్కు ఏమిటంటే, పట్టీ రెండో ప్రశ్నకి మాత్రమే జవాబు చెబుతుంది: దేనికి? సర్కారు బడీ, లక్షల ఫీజుల ఇంటర్నేషనల్ స్కూలూ విద్యే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమూ కార్పొరేట్ ఆసుపత్రీ వైద్యమే. ఒకే ఎరుపు. యజమాని ఎవరన్నది పటానికి అనవసరం, గేటు దగ్గర ఎవర్ని ఆపుతారన్నది అంతకన్నా అనవసరం. 1905 చట్టం చివర్లో ఉన్న షరతు లాంటిది పటంలో ఎక్కడా లేదు.

ఇంకోవైపు నుంచి చూసినా ఇదే చిక్కు. రంగు పడినంత మాత్రాన నేల చేతులు మారదు. రైతు పట్టా భూమి మీద ఎరుపో ఆకుపచ్చో పూశారనుకోండి. ప్రభుత్వం సేకరించి డబ్బు ఇచ్చేదాకా అది ఆయనదే, కానీ ఆయన ఇల్లు కట్టుకోలేడు. ఏళ్ళు గడుస్తాయి, బడి రాదు, పార్కూ రాదు. అప్పుడు మొదలయ్యేది చేంజ్ ఆఫ్ ల్యాండ్ యూజ్ దరఖాస్తు. పరపతి ఉన్నవాడి ఫైలు కదులుతుంది, లేనివాడిది అక్కడే ఉంటుంది. అందరి కోసం పూసిన రంగు భారాన్ని ఒక్కడి నెత్తిన పెట్టడం, బరువు దించుకునే దారి కొందరికే తెలియడం, రెండూ ఆ పటం చేసే పనులే.

టౌన్ హాల్ కథ

ఒకే నేలకి మూడు ప్రశ్నలూ వేసి చూడాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ కన్నా మంచి చోటు లేదు. పాత పేరు బాగ్-ఎ-ఆమ్. ఆమ్ అంటే సామాన్యులు, ఖాస్ కానివాళ్ళు. రాజుల మాటల్లో దివానే ఆమ్, దివానే ఖాస్ అని రెండుండేవి. తోటకి వచ్చేసరికి ఆమ్ పేరే పెట్టారు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా ఈ తోట అంచున ఒక టౌన్ హాల్ కట్టడం 1905లో మొదలైంది, 1913లో పూర్తయింది. అవును, మద్రాసు చట్టం వచ్చిన 1905లోనే. పట్టణం జనం చేరే హాలు అని దాని పేరే చెబుతోంది. ఆ భవనమే తర్వాత శాసనసభ అయింది. ఇవాళ అందులోకి పాసు లేకుండా పోలేం. అదే ఆవరణ చుట్టూ మ్యూజియం ఉంది, మసీదు ఉంది, జూబ్లీ హాల్ ఉంది, పిల్లల బాలభవన్ ఉంది, పొద్దున్నే నడిచేవాళ్ళున్నారు.

జోనింగ్ పట్టీ ముందు పెట్టుకుని టిక్కులు కొడితే టౌన్ హాలూ పబ్లిక్ వాడుకే, శాసనసభా పబ్లిక్ వాడుకే. ల్యాండ్ యూజ్ మారలేదు. యజమాని ప్రభుత్వమే, అదీ మారలేదు. మారింది గేటు. జనం చేరే హాలు పోయి జనం పంపినవాళ్ళు చేరే హాలు వచ్చింది. సభకి కాపలా ఉండకూడదని ఎవరూ అనరు. కానీ పటంలో ఏ గీతా మారకుండానే ఒక చోటు ఆమ్ నుంచి ఖాస్ కాగలదు. ఆ మార్పుని పట్టుకునే గడి మన పట్టీలో లేదు.

బెంగళూరు పార్కు

మూడో ప్రశ్నని సుప్రీంకోర్టు గట్టిగా అడిగిన సందర్భం ఒకటుంది. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం. 1976లో ముఖ్యమంత్రి ఆదేశంతో దాన్ని మొదట పార్కు ఖాతా నుంచి 'సివిక్ అమెనిటీ' ఖాతాకి మార్చారు. ఆ తర్వాత ప్రైవేటు నర్సింగ్ హోమ్ కట్టుకోవడానికి ఒక మెడికల్ ట్రస్టుకి ఇచ్చారు. చుట్టుపక్కల ఉండేవాళ్ళు కోర్టుకి వెళ్ళారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసుగా అది ప్రసిద్ధం.

ట్రస్టు వాదన మన పట్టీ భాషలోనే ఉంది. పార్కూ ప్రజల కోసమే, ఆసుపత్రీ ప్రజల కోసమే. ఒక ప్రజోపయోగం బదులు ఇంకో ప్రజోపయోగం. పైగా రోగానికి మందు ముఖ్యమా, నడకకి చెట్టు ముఖ్యమా? ఇంకో వాదన కూడా చేశారు. ఈ స్థలం మీ ఆస్తి కాదు, మీకు కలిగిన నష్టమేమిటి, కోర్టుకెక్కడానికి మీరెవరు అని.

1991లో జస్టిస్ థామన్, జస్టిస్ సహాయ్ ఆ రెండు వాదనలూ ఒప్పుకోలేదు. ఆసుపత్రి అవసరమే, కానీ ప్రైవేటు నర్సింగ్ హోమ్ లాభం కోసం నడిచే వ్యాపారం. పార్కులోకి ఎవరైనా రావచ్చు, నర్సింగ్ హోమ్‌లోకి డబ్బున్నవాళ్ళే వస్తారు. కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి అనడం కుదరదన్నారు. ఇక పార్కు పోతే నష్టపోయేది ఆ చుట్టుపక్కల బతికేవాళ్ళే. అడిగే హక్కు వాళ్ళకి కాక ఎవరికుంటుంది అన్నారు. ముఖ్యమంత్రి ఆదేశం చట్టానికి పైన కాదని కూడా చెప్పారు.

మహద్ తీర్పుతో పోల్చి చూస్తే దూరం తెలుస్తుంది. 1937లో గెలవడానికి చెరువు పురపాలక సంఘానిదని, ఆచారం పాతది కాదని తేలాల్సి వచ్చింది. 1991లో కోర్టు నేరుగా గేటు దగ్గరికి నడిచి, లోపలికి ఎవరు పోగలరో చూసింది. సగం పబ్లిక్ అన్న మాటలో దాగిన తేడాని కోర్టు బయటికి లాగింది. మన పట్టీలు మాత్రం ఆ తర్వాత కూడా పెద్దగా మారలేదు.

రెండు నిఘంటువుల మధ్య

ఊరు నగరంలో కలిసినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఊరికి ఒక నిఘంటువుంది: పహాణీ, అడంగల్, సేత్వార్, సర్వే నంబరు. నగరానికి ఇంకో నిఘంటువుంది: మాస్టర్ ప్లాన్, రంగు, జోన్. ఈ రెంటికీ మధ్య అనువాదం ఎవరూ సరిగ్గా చెయ్యలేదు.

మేత పోరంబోకుకి జోనింగ్‌లో సమానార్థకం లేదు. పశువులే లేవు కదా అంటారు. నిజమే, కానీ ఆ నేల మీద ఊరికున్న హక్కు ఆవులతో పాటు ఆవిరైపోవాలా? కళ్ళం నగరంలో ఏమవుతుంది? డొంక రోడ్డు కాకపోతే ఏమవుతుంది? ఎక్కువసార్లు ఇవన్నీ 'ఉపయోగం ఇంకా నిర్ణయించని' ప్రభుత్వ భూమి అవుతాయి. తర్వాత ఎవరికో కేటాయింపు అవుతాయి. చెరువుల దగ్గర చిక్కు మరీ పెద్దది. తెలంగాణలో శిఖం పట్టాలని ఒకటుంది. నీళ్ళు తీసిన తర్వాత చెరువు కడుపులో సాగు చేసుకునే భూములు, కానీ పట్టా ఉంది. రెవెన్యూ కాగితం అది ఫలానా రైతు సొంతం అంటుంది. ప్లాన్ పటం అది నీటి వనరు అంటుంది. వాన వచ్చినప్పుడు నీళ్ళు ప్లాన్ మాట వింటాయి, ప్లాట్లు అమ్మేవాళ్ళు పహాణీ మాట వింటారు. మునిగేది ఆ ప్లాటు కొన్నవాళ్ళు.

2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పాత నిఘంటువుని మళ్ళీ తెరిచింది. పంజాబులో ఒక ఊరి చెరువు ఆక్రమణ కేసు అది. ఉమ్మడి భూముల్ని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలుస్తారంటూ కోర్టు షామ్లాత్‌తో పాటు పోరంబోకునీ పేరు పెట్టి చెప్పింది. ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచెయ్యమని అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. మనం తిట్టుగా వాడే మాట దేశపు అత్యున్నత న్యాయస్థానం తీర్పులో గౌరవంగా కూర్చుంది.

మన లేఅవుట్ల దగ్గరికి వస్తే ఇంకో రకం అనువాదం కనిపిస్తుంది, నేలని డబ్బులోకి మార్చే అనువాదం. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలన్నది పాత నియమం. అనుమతి లేని లేఅవుట్లలో చాలాచోట్ల అది వదల్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2020లో తెచ్చిన ఎల్ఆర్ఎస్ ప్రకారం, ఆ 10 శాతం లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టి క్రమబద్ధం చేయించుకోవచ్చు. ప్లాటు కొన్న మధ్యతరగతి మనిషిని నిందించలేం, అతను పార్కు మింగలేదు. మింగినవాడు లేఅవుట్ వేసి, అమ్ముకుని వెళ్ళిపోయాడు. డబ్బు ఖజానాకి చేరుతుంది. ఆ కాలనీ పిల్లలకి మాత్రం ఆడుకోవడానికి రోడ్డే దిక్కు. పార్కు అన్నది దేనికో, ఎంతకో లెక్కగట్టగలిగాం గానీ, అక్కడికి ఎవరు వచ్చి ఉండేవారో ఆ లెక్కలో లేదు.

ఇలాంటి నిర్వచనాలు తిరగరాయడం అసాధ్యమేమీ కాదు. పట్టీలో ప్రతి పేరు పక్కనా రెండు గడులు కలిపితే చాలు: యాజమాన్యం ఎవరిది, ప్రవేశం ఎవరికి. ఆసుపత్రి అని రాసినచోట ఎవరి ఆసుపత్రో, బీదవాళ్ళకి ఎన్ని పడకలో రాయాలి. బడి అని రాసినచోట సాయంత్రం ఆ మైదానంలోకి వీధి పిల్లలు రావచ్చో లేదో రాయాలి. శ్మశానం అని రాసినచోట ఏ కులాన్నీ ఏ మతాన్నీ గేటు దగ్గర ఆపరని రాయాలి. 'ఉపయోగం నిర్ణయించలేదు' అన్నచోట ఇప్పటిదాకా అక్కడ ఊరు ఏం చేసుకుంటోందో రాయాలి. అలా రాసిన తర్వాత కూడా గేట్లు మూసుకుంటాయి. కానీ అప్పుడు మూసినవాడు ఏ వాక్యాన్ని తప్పాడో చూపించడానికి కాగితం ఉంటుంది. మహద్‌లో 1924 తీర్మానం మూడేళ్ళ పాటు ఉత్త కాగితమే. అయినా చెరువు దగ్గరికి నడిచినవాళ్ళ చేతిలో ఆ కాగితం ఉంది.

పేపరు లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో ల్యాండ్ యూజ్ మార్పు ప్రకటనలు వస్తుంటాయి. ఫలానా సర్వే నంబర్లు, ఫలానా జోన్ నుంచి ఫలానా జోన్‌కి, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపండి అని. ఈసారి కనిపిస్తే ఆ సర్వే నంబరు పాత రికార్డులో ఏమని ఉందో ఒకసారి వెతికి చూడండి. పోరంబోకు అని ఉంటే ఎవరికీ చెందని నేల అనుకోకండి. చెరువా, డొంకా, శ్మశానమా, ఎవరి దారో కనుక్కోండి. అభ్యంతరం రాయడానికి ఆ నేల మీ పేరున ఉండక్కర్లేదని 1991లోనే తేలింది.